నానమ్మ ఒడిలో కేకు

కార్ల షాపువాళ్లు నడిపి చూడమని ఇచ్చిన ఎర్ర స్పోర్ట్స్ కారులో, గోధుమ పొలాల మధ్య గతుకుల మట్టిరోడ్డు మీద వెళ్తున్నాం. ముందు సీట్లలో నాన్న, నానమ్మ. నానమ్మ ఒడిలో స్పాంజి కేకు. వెనక సీట్లో నేను.

“పోయినేడు వ్యవసాయ ప్రదర్శనలో కేకుల పోటీకి తీసుకెళ్తుంటే పాత కారు కుదుపులకే కదరా నా కేకు కుంగిపోయింది? లేకపోతే మొదటి బహుమతి నాదే.”

“అందుకేగా అమ్మా, ఈసారి కారు కొనేముందే కేకు పెట్టుకుని మరీ చూస్తున్నాం. చూడు, చెక్కు చెదరలేదు!”

“సీటు మాత్రం బల్లలా ఉంది. షాపులో ఇదే కారులో మెత్తని రకం చూశాం కదా, ఆ తెల్లది, దాని సీటు పరుపులా ఉంది.”

“అది ముసలాళ్ల కారు కదమ్మా.”

“నేనేమన్నా పడుచుదాన్నా? ఒరేయ్, ఇప్పుడు మనల్ని దాటిపోయింది పక్క పొలం వికరీ వాళ్ల ట్రాక్టరు కాదూ?”

“అవును.”

“వెనక గొర్రెలు కూడా వస్తున్నాయి, దారియ్యి. ఇంత మెల్లగా నడిపితే ఏ కారులోనైనా కేకు బాగానే ఉంటుంది.”

“సరేలే అమ్మా, ఆ తెల్లదే కొందాం.”

“నేనలా అన్నానా? ఆ ముఖం చూడు, పదేళ్ల పిల్లాడిలా! ప్రదర్శన ఏడాదికొక్కసారి. ఆ ఒక్కరోజూ ఇలాగే నడుపు. మిగతా రోజులు నీ ఇష్టం. నాకో దిండు వెయ్యి, చాలు.”

“నిజంగానా?”

“అదిగో, తారురోడ్డొచ్చింది. కేకు నీ కూతురికిస్తున్నాను. ఇక పోనీరా, ఇదెంత పరుగెడుతుందో నేనూ చూస్తాను!”