నమ్మనోడు నేసిన పంచె

ఆ కుట్టు మిషన్ జర ఆపు ఖాసిం. నీ పెద్ద కత్తెర ఇటియ్యి. చౌరస్తల నా మొకమేసి ఫ్లెక్సీ కట్టిండ్రు, దాన్ని కోసి పారేసి వస్త.

నువ్వు చూడలేదా? గద్వాలంత చూసింది, నువ్వొక్కనివే చూడలే. ఇంత పెద్ద ఫోటో. నుదుటి మీద ఇంత పొడుగు నామం. నేను పెట్టుకున్ననా? లేదు. ఫోటో తయారు చేసినోడు కంప్యూటర్ల పెట్టిండు. చేతులు గూడ జోడించి ఉన్నయి, అవి ఎవరి చేతులో నాకు తెల్వదు. కింద ఏం రాసిండ్రో తెలుసా? 'స్వామి సేవలో తరించిన నేత కళాకారుడు దశరథం గారికి అభినందనలు' అని. తరించినంట నేను. తరించినోడు పొద్దున లేచి మోకాళ్లకు తైలం రాసుకుంటడా?

నవ్వు నవ్వు. తొమ్మిదేండ్ల సంది నాతోని వాదం పెట్టుకున్నోనివి, నీకు నవ్వు రాకపోతె ఎవరికొస్తది?

పొద్దున పాల పాకిటు కోసం పోతె కిరాణా కొట్టు వనజమ్మ గల్లా కాడి నుంచి లేచొచ్చి నా కాళ్లు మొక్కింది. 'దేవుడు లేడన్నోనివి, నీ చేతనే నేయించుకున్నడు చూడన్నా ఆయన' అన్నది. నడుము పోయింది నాది, పేరేమో ఆయనకు. ఇదేం న్యాయమో నువ్వే చెప్పు.

నీకు సగమే తెలుసు ఖాసిం. ఊరోళ్లు చెప్పిన సగం. మిగిలిన సగం నేను చెప్త, చెప్దామనే వచ్చిన. ఫ్లెక్సీ ఒక సాకు.

మా వీధి నుంచి ఏటేటా కొండ మీది దేవునికి పంచెల జోడు పోతది గద. దానికి వేరే ఇల్లు, వేరే మగ్గం. నలభై ఒక్క రోజులు దీక్ష. ఒంటి పూట బువ్వ, నేల మీద పండుడు, నీసు ముట్టొద్దు, మందు ముట్టొద్దు. మా బామ్మర్ది బాలన్న పదకొండేండ్లు ఆ మగ్గం మీద కూసున్నడు. ఈసారి మొదలు పెట్టే నాలుగు రోజుల ముందు ధరూర్ నుంచి బండి మీద వస్తుంటె, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద జారి పడ్డడు. కుడి మణికట్టు ఇరిగింది.

లోకంల ఎన్ని చేతులున్నయి ఖాసిం. దొంగతనం చేసేటియి, పెండ్లాన్ని కొట్టేటియి. ఇరగ్గొట్టనీకె ఆయనకు తన పంచె నేసే చెయ్యే దొరికింది. దీన్ని లీల అంటరంట.

ఇంగ ఆ నేత అందరికీ రాదు. నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండు కలిసే కాడ పోగుకు పోగు మెలేసుకుంట పోవాలె, అతుకు ఎక్కడుందో కండ్లకు కనబడొద్దు, గోరుకు తగలొద్దు. ఆ మగ్గానికి ఇద్దరు కావాలె, అట్ల పాత పద్ధతిల నేసేటోళ్లు మా వీధిల ముగ్గురే మిగిలిండ్రు. బాలన్న, ఆయన జోడీ ఒకాయన. ఇంకొకడు ఈ నాస్తికుడు.

అందుకే వచ్చిండ్రు పెద్దమనుషులు. ముందల ధర్మయ్య మామ, ఎనభై రెండేండ్లాయన, కట్టె పట్టుకోని. ఎనక బాలన్న, మెడకు చెయ్యి కట్టుకోని, పసిపిల్లగాని లెక్క కండ్ల నీళ్లు పెట్టుకోని. నేను కుర్చీలు ఏసిన. 'మామా, నాకు నమ్మకం లేదు, నమ్మనోని చేత దేవుని బట్ట నేయిస్తె మీకే పాపం' అన్న. ఇంగ లేసిపోతరు అనుకున్న.

ఆ ముసలాయన నా మొకం దిక్కు గూడ చూడలే. నా మగ్గం దిక్కు చూసుకుంట అన్నడు: "నమ్మమని నిన్నెవరడిగిండ్రు? నెయ్యమన్నం."

చూసినవా? నా చెయ్యి కావాలె, నేను అక్కరలే.

సరే, నీలవేణి అడుగుతదని చూసిన. నా పెండ్లం గద, తమ్ముని ముచ్చట గద, లోపటి నుంచి వచ్చి 'ఒప్పుకోవయ్యా' అంటదని. అంటె గట్టిగ వద్దందామని మాటలన్నీ తయారు చేసుకోని కూసున్న. ఆమె వచ్చింది, అందరికి చాయ్ ఇచ్చింది, గ్లాసులు తీసుకోని లోపటికి పోయింది. ఒక్క మాటనలే. నా మాటలన్నీ నోట్లనే ఉండిపాయె. అందుకే ఒప్పుకున్న. అడిగితె ఒప్పుకోకపోదును.

ఎందుకు అడగలేదో నీకు తెలుసు. మా లహరి పోయిన కాడి నుంచి మా ఇంట్ల దేవుని మాట నా ముందల తియ్యదు ఆమె.

కర్నూలు దవాఖానల ఆరు రోజులు. పద్నాలుగేండ్ల పిల్ల. నువ్వున్నవు గద అక్కడ, నేను చెప్పేదేముంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నయంటె నువ్వే చెయ్యి చాపి పడుకున్నవు. లేచి మెట్ల కింద తువ్వాల పరుచుకోని నమాజు చేసినవు. నీలవేణి ఇవతల గోడకు మొకం పెట్టి ఊర్ల ఉన్న దేవుండ్లందరికీ మొక్కింది. నేను గూడ మొక్కిన, దాచుడెందుకు. ఆరో రోజు పొద్దున పిల్ల పోయింది.

అప్పటి సంది నా లెక్క ఒకటే. మెకానిక్‌కు బండి ఇచ్చినం. బాగు చెయ్యలే, బండే లేకుంట చేసిండు. మళ్ల అదే మెకానిక్ దుకాణం ముందల దండం పెట్టుకోని నిలబడుతరా తెలివున్నోళ్లు? మీరిద్దరు నిలబడ్డరు. నువ్వు రోజుకు ఐదు సార్లు, ఆమె పొద్దున మాపున. ఏం జరిగితె మీరు నమ్ముడు బంద్ చేస్తరో చెప్పమంటె ఒక్కరు చెప్పలే. ఏం జరిగినా మారని దాన్ని తెలివి అంటరా ఖాసిం? మొండితనం అంటరు.

తెలుసు, తెలుసు, నువ్వు అనేది. డాక్టర్ గూడ బతికించలేదు గద, మళ్ల నీ మోకాళ్లకు డాక్టర్ కాడికే పోయినవు గద అంటవు. డాక్టర్ రిపోర్టు చూపిస్తడు అని నేనంటె, ఆ రిపోర్టు నువ్వు సదివినవా, నీకు సమజైందా అంటవు. కాలే. ఆయన మొకం చూసి నమ్మిన. పిల్ల రక్తంల పురుగుందన్నడు, నేను చూసిన్నా? ఔను, నేను గూడ చూడకుంట నమ్మేటియి వంద ఉన్నయి, ఒప్పుకుంట. కాని డాక్టర్ తప్పు చేస్తె నిలదీయొచ్చు. కాలర్ పట్టుకోవచ్చు. మీవోనికి కాలర్ ఏది?

గిదే అనుకుంట పోయి మగ్గం గుంటల కాళ్లు పెట్టిన. రెండు పూటల స్నానం, పొడి బట్ట, నుదుట బొట్టు. అద్దంల నన్ను నేను చూసుకుంటె నాటకంల ఏషం కట్టినట్టుండె. అవతలి అంచు కాడ కూసున్న జోడీ ఆయన పొద్దంత గోవింద గోవింద అంటడు. నేను లోపల ఒకటి రెండు మూడు అనుకుంట పోగులు లెక్కపెట్టుకుంట. బట్ట రెండు దిక్కుల సమానంగనే వస్తుండె. గోవిందకూ అంతే, అంకెలకూ అంతే.

పన్నెండో రోజు ఒక ప్రయోగం చేసిన. ఎవరితోని చెప్పకు. దీక్ష ఇంట్ల నుంచి మగ్గం సామాను తెస్తనని బయిటికొచ్చి, బస్టాండు కాడ బండి మీద ఆమ్లెట్ తిన్న. రెండు గుడ్లు, ఉల్లిగడ్డలు బాగ ఏయమన్న. దేవుడుంటె ఏదో ఒకటి కావాలె గద? పోగన్న తెగాలె, నా చెయ్యన్న పట్టుకోవాలె. తెలివిగ ఆలోచించేటోడు పరీక్ష పెట్టాలె కద మరి.

ఏం కాలే. ఆ రోజు మామూలు కంటే జానెడు ఎక్కువనే నేసిన. పట్టు అంత మెత్తగ ఎప్పుడు నడవలే.

మరుసటి రోజు పోగులు తెగినయి. పదిహేడు సార్లు. ఎండాకాలం ఖాసిం, వడగాలికి గదిల తడి లేకపోతె పట్టు ఎండి పటుక్కున తెగుతది, పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. ఇన్ని నీళ్లు చల్లిన, నిలిచింది. ఇందుల దేవుడు లేడు, గుడ్డు లేదు.

కాని ఒక మాట చెప్త. తెగిన మొదటి పోగును అతుక్కుంట తలెత్తి పైకి చూసిన. భయంతోని అనుకున్నవా? కాదు. సంతోషమైంది. పట్టుబడ్డ, ఎవడో ఒకడు నన్ను చూసిండు అని. నీళ్లు చల్లంగనే తెగుడు ఆగిపాయె. పరేషానైన. ఇంత వయసొచ్చినోడు ఎవడో తిడతడేమో అని ఎదురు చూసుడేంది, నువ్వే చెప్పు.

ఆ మధ్యాహ్నం నీలవేణి బువ్వ తెచ్చింది. జొన్న రొట్టె, పప్పు. జోడీ ఆయన అవతల తింటున్నడు. నేను రొట్టె తుంచుకుంట తొమ్మిదేండ్లల అడగని మాట అడిగిన. పిల్లను కాపాడమని ఏడిస్తె కాపాడలే, ఆయన ముందలనే ఇంకా దీపమెట్ల పెడుతున్నవని. ఎటకారంగనే అడిగిన, నా నోటికి ఇంకో తీరు రాదు గద. ఏమంటదో తెలుసు అనుకున్న. కర్మ అంటది, ఆయన ఇచ్చిండు ఆయన తీసుకున్నడు అంటది. జవాబు గూడ తయారు పెట్టుకున్న.

ఆమె గ్లాసుల నీళ్లు పోసి నా ముందల పెట్టింది. పెట్టి అన్నది: "నేను మొక్కుతున్ననని ఎవరు చెప్పిండ్రు నీకు? దీపం పెట్టి రోజూ అడుగుతున్న, నా పిల్లనెందుకు తీసుకపోయినవని. లేడనుకుంటె ఎవర్ని అడగాలె నేను? ఎవర్ని తిట్టాలె?"

గంతే. గిన్నెలు సర్దుకోని పోయింది.

తొమ్మిదేండ్లు, ఖాసిం. పొద్దున మాపున ఆమె ఆ దీపం కాడ నిలబడి పెదవులు కదిలిస్తుంటె, ఇదేం గుడ్డి నమ్మకమని లోపల నవ్వుకున్న. ఆమె కొట్లాడుతుందని నాకు తెల్వదు. నేను ఆ కొట్లాటలకెల్లి మొదటి రోజే లేసొచ్చిన. లేసొచ్చి, అది తెలివి అనుకున్న. నీది గూడ అట్లనేనా? మెట్ల కింద ఆ రోజు నువ్వు అడిగిందేంది? సరే, చెప్పకు. అడగను.

తెలివికి అందేదా కాదా ఈ నమ్మకం అని నువ్వు నేను ఇన్నేండ్లు కొట్టుకున్నం. ఆమె మనిద్దరి వాదం వినుకుంట మనకే చాయ్ పోసింది.

తర్వాత దినాలు మామూలుగనే పోయినయి. గుడ్డు జోలికి పోలే. భక్తి పుట్టి కాదు, ఆకలి కాలే.

ఇప్పుడు అసలు ముచ్చట. నలభయ్యో రోజు. ఇంకొక జానెడు నేస్తె బట్ట అయిపోతది. జోడీ ఆయన స్నానానికి పోయిండు. గదిల నేనొక్కన్నే. నా అంగీ జేబుల ఒక దారం ముక్క ఉంది, ఆ పొద్దున ఇంటికి పోయి, ఇనుప పెట్టె అడుగున వెతికి తెచ్చిన.

నువ్వు మరిచిపోయినవేమో. కర్నూల్ల నాలుగో రోజు నువ్వు దర్గాకు పోయి ఆకుపచ్చ దారం తెచ్చి లహరి చేతికి కట్టినవు. అప్పుడు నేను ఎవరు ఏం కట్టినా సరే అన్నట్టుంటి. చివరికి నర్సమ్మ దాన్ని కత్తిరించి నా చేతుల పెట్టింది. తొమ్మిదేండ్లు పారెయ్యలే. ఎందుకు పారెయ్యలే అంటె నాకు తెల్వదు, నీలవేణికి గూడ తెల్వదు అది నా కాడ ఉందని.

దాన్ని విప్పి రెండు పోగులు తీసిన. అంచు గూడ ఆకుపచ్చదే. నూలు, పట్టు కలిసే కాడ, ఆ మెలికల లోపట, నీ దారం రెండు పోగులు కలిపి నేసిన. నాలుగంగుళాలు. పైకెల్లి చూసినా కనబడదు, తిప్పి చూసినా కనబడదు. మరుసటి రోజు ధర్మయ్య మామ బొటనవేలితోని అంచు పొడుగునా రాసి చూసిండు. ఆయనకే తగల్లే.

ఏమంటవో అను. దేవుని దీక్ష బట్టల దర్గా దారం పెట్టినోడు, చచ్చిన పిల్ల చేతి దారం పెట్టినోడు. తెలిస్తె ఆ ఫ్లెక్సీ కట్టినోళ్లే నన్ను తన్నుతరు. నీ దిక్కోళ్లు ఊకుంటరా? మీకు మాకు ఇద్దరికీ తప్పే. ఇంత జబర్దస్త్ పాపం ఈ గద్వాల్ల ఇంకెవడన్న చేసి ఉంటడా?

అది కాదు నన్ను తింటున్నది. చౌరస్తల ఎవడన్న అడిగితె దేవుడు లేడనే అంట, ఇయ్యాల గూడ. మరి ఎవరికీ కనబడకుంట ఆ పోగులు ఎవరు చూస్తరని పెట్టిన? చూసేటోడు ఎవడూ లేడని తెలిసినోడు, అంత భద్రంగ, అంత సక్కగ ఎందుకు నేసిన? పొద్దటి సంది దీనికే జవాబు వెతుకుతున్న. తెలివిల లేదు జవాబు, అంతట వెతికిన.

నీ కండ్లు తుడుచుకో ముందు, దుకాణంకు ఎవరన్న వస్తరు.

లే, అజాన్ అయితుంది, నీ నమాజు యాళ్ల మించుతది. నేను కూసుంట ఈడ. పొయ్యినప్పుడు మీవోన్ని గూడ ఒక మాట అడుగు, కొండ మీదికి నా పిల్ల దారం చేరిందా లేదా అని. చెప్తడంటవా?

నాకైతే నమ్మకం లేదు. అయినా అడుగు.