ప్రభువు బల్ల గ్లాసులు

యలహంకలోని రెండు గదుల ఇంట్లో, ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరుతున్న కొడుకును తండ్రి గుమ్మం దగ్గర ఆపాడు. ఆయన చేతిలో మాత్రల అట్టలున్నాయి.

“నెలన్నర మాత్రలు అట్లే ఉండాయి. ఎందుకు మింగలేదురా?”

“ఇప్పుడు నాకూ నెలనెలా చర్చిలో ప్రభువు బల్ల ద్రాక్షారసం ఇస్తాండారు కదా నాయనా. ఆ మాత్ర ఒంట్లో ఉంటే చుక్క ద్రాక్షారసానికే వాంతులైతాయని డాక్టరు చెప్పినాడు.”

“నువ్వు తాగకుండా ఉండేదానికే కదప్పా ఆ మాత్ర! నీ మటుకు పులియని పండ్ల రసం ఇమ్మని పాస్టరును అడగలేవా?”

“ఎట్లడిగేది? ప్రభువు నన్ను తాగుడు నుంచి విడిపించినాడని అందరి ముందరా సాక్ష్యం చెప్పినా.”

“విడిపించినోనికి లేని సిగ్గు నీకెందుకు? బొటనవేలంత గ్లాసు. అర గుటక కోసం ఏడాది కష్టం పారబోస్తావా?”

కొడుకు తల వంచుకున్నాడు.

“అర గుటక కాదు నాయనా. పోయిన నెల గ్లాసులు కడిగే పని నేనే అడిగి తీసుకున్నా. సీసాలో మిగిలిందంతా తాగేసినా.”

“థూ! మీ అమ్మ పన్నెండేండ్లు నీకోసం మోకాళ్ల మీద ప్రార్థన చేసింది ఇందుకా?”

“ఈ రోజు కూడా ఆ పని నాదే.”

“నీది కాదు, నాది. పాస్టరును పండ్ల రసం కూడా నేనే అడుగుతా. నేనొస్తా పద.”

“నువ్వా? అమ్మ పోయినాక చర్చి గడపే తొక్కలేదే!”

“మీ దేవునితో నాకు మాటల్లేవు. గ్లాసులు కడిగేదానికి ఆయనతో మాట్లాడే పనేముంది? ముందు నా కండ్లెదుట మాత్ర మింగు.”