బాతు పొట్టలో పదకొండు వేల వోల్టులు

కేశవన్ ఏ కథ మొదలుపెట్టినా ముందు సగం టీ తాగి, మిగతా సగం గ్లాసులో అట్టే పెడతాడు. అది చల్లారేలోపు కథ ముగిసిన రోజు ఇంతవరకూ లేదు.

ఆ సాయంత్రం కోయంబత్తూరు గాంధీపురం వెనక సందులో, ఇరుళప్పన్ టీ అంగడి బల్ల మీద అతని చెల్లెలు రాజామణి కూర్చుని ఉంది. ఒళ్లో కూతురు త్రిష సంచి. సంచి నిండా బొమ్మలు. పిల్లల బొమ్మల పొట్ట విప్పి, లోపలి వైర్లు మార్చి అతికించి, అవి వింత గొంతులతో పలికేలా చేసి, డీజే పాటల్లో కలిపి వాయించడం త్రిష పని. అయిదింటికి కారు వస్తుంది. పెద్ద హాల్లో ఆమె మొదటి ప్రోగ్రాం. సంచి మాత్రం తల్లి ఇవ్వడం లేదు.

రెండు నెలల కిందట మిల్లులో మోటారు బాగుచేస్తూ రాజామణి భర్త కరెంటు దెబ్బ తిన్నాడు. మనిషి దక్కాడు. కుడిచేతి వేళ్లకు ఇంకా స్పర్శ లేదు. అప్పటినుంచి ఆమె ఇంట్లో స్విచ్చులు కూడా చెక్క గరిటెతో వేస్తోంది.

"మామా, నువ్వైనా చెప్పు అమ్మకు," అంది త్రిష.

చెప్పమంటే చాలు కేశవన్‌కు.

"పోయిన నెల చిన్నమనూరు పెండ్లిలో ఆ పసుపు బాతు బొమ్మను పాడించింది ఎవరనుకున్నారు? నేను! నవ్వొద్దు ఇరుళప్పా. ఈ పిల్ల చెవులు కుట్టినప్పుడు ఒళ్లో పెట్టుకున్నది నేను, ఏడిస్తే ఆ బాతు కొనిచ్చింది నేను. ఇప్పుడు దాని తల మీద ఇది రెండు ఇత్తడి మరలు పెట్టింది. ఒకరు ఈ మర ముట్టాల, ఇంకొకరు ఆ మర ముట్టాల, నడుమ ఉండేవాళ్లంతా చేతులు పట్టుకోవాల. అప్పుడు గొంతు మారతాది. మేనమామ ఉండంగా మొదటి చెయ్యి ఇంకెవరిది? పెట్టినాను. పెట్టంగానే సుర్రుమని ఎక్కింది కరెంటు!"

రాజామణి సంచిని దగ్గరికి లాక్కుంది.

"అప్పురం ఏమైందో తెలుసునా? నా పక్కన పెండ్లికొడుకు, వాని పక్కన వంటాయన, వాళ్లెనక రెండు నూర్ల మంది. పంక్తిలో కూర్చున్నోళ్లు కుడిచేత్తో సాంబారన్నం తింటానే ఎడమ చెయ్యి ఇచ్చినారు. వరస మండపం దాటి, రోడ్డు దాటి, లోయలో ద్రాక్ష తోటలోకి పోయింది. చివరాయన ఆసరాకని పందిరి కమ్మి పట్టుకున్నాడు. ఇనుప కమ్మి కదా, లోయ లోయంతా పందిళ్లు బాతు గొంతుతో పాడినాయి! పచ్చికాయలు చూస్తాండంగానే పండినాయి!"

"ఆ పండ్లు తిన్నోళ్లు మాట్లాడినారా అన్నా, బాతు మాదిరి కూసినారా?" అన్నాడు ఇరుళప్పన్ టీ పైకెత్తి పోస్తూ.

"రెండు దినాలు కూసినారు, మూడోనాడు తగ్గింది. నువ్వు అడ్డం రావద్దు. అక్కడ నిలిచిందా? మదురై మాట్టుతావణి బస్టాండు దాకా పోయింది! బస్సు హారన్లన్నీ ఒకే తాళం. మార్కెట్లో ముల్లంగి మూటలు తూకం మీద గెంతినాయి. కోయంబత్తూరు బస్సు డ్రైవరు ఎక్కకనే కదిలింది! అప్పురం ఏమైందో తెలుసునా? ఇదంతా పోయింది ఈ ఒక్క చేతిలోనుంచి. పదకొండు వేల వోల్టులు! జుట్టు నిలువునా లేచింది. వేళ్ల చివర మంటలు. విడిచినానా? విడిస్తే లోయంతా చీకటైపోతాది అని పట్టుకునే ఉండాను!"

త్రిష ముఖం వాడిపోయింది. మామ ఒక్కో మాట పెంచేకొద్దీ తల్లి వేళ్లు సంచి మీద బిగుస్తున్నాయి. వద్దని మామకు సైగ చేసింది. ఇంకా చెప్పమందనుకున్నాడు కేశవన్.

రాజామణి చేతికి కొంగు చుట్టుకుని సంచిలోంచి బాతును తీసింది. తిప్పి చూసింది. తోక కింద చిన్న మూత. పిన్నీసుతో తెరిచింది.

"అన్నా."

"ఊఁ?"

"దీంట్లో రెండు సెల్లులే ఉండాయి."

"ఉంటాయి. అప్పురం—"

"గోడ గడియారంలో వేసేవి. ఇంట్లో వీటిని మార్చేదే నేను."

ఇరుళప్పన్ చేతిలో టీ ధార ఆగిపోయింది. "పదకొండు వేలన్నా!" అని బల్ల పట్టుకుని నవ్వాడు.

కేశవన్ చల్లారిన టీ గటగటా తాగాడు. "సెల్లు చిన్నదే. చెయ్యి పెద్దది."

"ఆ చేతికి తువ్వాలు చుట్టుకున్నావే మామా," అంది త్రిష. "వరస నీ దగ్గరే తెగిపోయింది. నువ్వు పాయసానికి పోయినాకనే బాతు గొంతు మారింది."

కేశవన్ ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టాడు.

"ఆ పొద్దునే మీ నాయన చెయ్యి చూసి వచ్చినాను," అన్నాడు మెల్లగా. "నాకు మాత్రం భయం ఉండదా?"

రాజామణి మూత పెట్టి బాతును బల్ల మీద నిలబెట్టింది. కొంగు విప్పేసింది. ఊపిరి బిగబట్టి ఒక మర మీద వేలు పెట్టింది. రెండో చెయ్యి అన్న వైపు చాపింది.

"తువ్వాలు లేకుండా ఇయ్యి."

ఇచ్చాడు. త్రిష మామ రెండో చెయ్యి పట్టుకుని అవతలి మర ముట్టుకుంది. బాతు గురక పెట్టింది, గొంతు సవరించుకుంది, నాదస్వరం నేర్చుకుంటున్న పిల్లిలా సాగదీసి పాడింది. ఇరుళప్పన్ జల్లెడతో తాళం వేశాడు.

రాజామణి వేలికి కరెంటు ఏమీ తెలియలేదు.

సందు మొదట్లో కారు హారన్ మోగింది. ఆమె మర మీది వేలు తీసి, బాతును సంచిలో వేసి, సంచిని తనే కూతురి భుజానికి తగిలించింది. అన్న చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు. అతని రెండో చెయ్యి తువ్వాలు వెతుక్కుంటోంది.

"భయపడకన్నా," అంది. "గడియారం సెల్లులే."