తవుడుకి అమ్మిన పిల్ల

అసిరమ్మకి నలుగురు పుట్టేరు, నలుగురూ పోయేరంట. ఎలాగంటే, పిల్ల పాకే ఈడుకి రాగానే, మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని వేళ, భుజం మీద తాడేసుకుని ఒకడొచ్చి గుమ్మంలో నీళ్ళడిగేవాడంట. తాగి, "పిల్ల పేరేటమ్మా?" అనేవాడు. చెప్పేది. చెప్పిందా, పొద్దుగూకేసరికి పిల్ల లేదు. ప్రాణాలు పట్టుకుపోయేవాడు మరి, ఆడికి పేరు కావాల. నాలుగోది పోయేకగానీ అసిరమ్మకి తెలీలేదు. నవ్వకండి, నీళ్ళడిగినోడిని ఎవరనుమానిస్తారు?

ఐదోదానికి పేరే పెట్టలేదు. అది పాకిన రోజు పొద్దున్నే మంత్రసాని గురమ్మొచ్చి, విలువలేనిదాన్ని చావు ముట్టదని పిల్లని పెంటకుప్ప మీద దొర్లించి, చేటెడు తవుడిచ్చి కొనేసింది. అసిరమ్మ మొగుడు పోలయ్య ఆ తవుడు ఎద్దుకి పెట్టి పొలానికి పోయేడు. ఆడటు పోయేక గురమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఇయ్యాళ ఎవరడిగినా నిజం చెప్పకండర్రా అని చెప్పొచ్చిందంట.

మధ్యాహ్నం తాడోడు రానే వచ్చేడు. అసిరమ్మ చెంబు వంచితే నీళ్ళు ఆడి కాళ్ళ మీద పడ్డాయి. ఆ కాళ్ళు తడవలేదంట. "పిల్ల పేరేటి?" "పిల్లేటి బావూ, లోపలున్నది గుమ్మడికాయ." అప్పుడే లోపల పిల్ల కేరుమంది. "ఏడుస్తందే?" "ముదిరిపోనాది బావూ." పక్కింటామెని అడిగితే, ఆ ఇంట్లో మనుషులే లేరంది. ఎదురింటాయన, అది ఇల్లేటి, మా గడ్డిమేటు కదా అన్నాడు. ఆడు తాడు సవరించుకుని పొలానికేసి నడిచేడు. ఇంక అయిపోయిందనుకుంది ఊరు. ఏమంటే పోలయ్యకి అబద్ధం చేతకాదు. ఎద్దు కుంటిదైతే సంతలో తనే ముందు చెప్పేసే మనిషి.

"నీ పిల్లేదిరా?" అన్నాడంట. పోలయ్య నాగలాపి, "పొద్దున్న చేటెడు తవుడుకి అమ్మేసినాం బావూ. ఆ తవుడూ ఎద్దు తినేసినాది" అన్నాడు. ఉన్నదున్నట్టే చెప్పేడు పాపం. తాడోడు ఫక్కున నవ్వేడంట. ఆ నవ్వుకి చేలో కొంగలన్నీ లేచిపోయేయి. "అందరివీ విన్నాను గానీ ఇంత పెద్ద అబద్ధం వినలేదు, ఇయ్యాళ్టికి పిల్లని వదిలేస్తున్నాను. ఏడాదికోసారి ఇదే రోజు వస్తాను. ఒక్కరు నిజం చెప్పినా దాన్ని పట్టుకుపోతాను" అని పోయేడు.

అందుకే ఆ రోజు మా ఊళ్ళో అన్నీ అబద్ధాలే. మీ అత్త నూతిలో పడిందంటారు, నవ్వుతాం. నవ్వుతానే గుమ్మానికేసి చూస్తాం. ఆ పిల్లంటారా, తవిటమ్మన్నారు, పళ్ళూడిపోయినా బతికే ఉంది. ఆ తవిటమ్మని నేను కాదు. ఇయ్యాళ ఏ రోజో తెలుసు కదా. అదిగో, ఎవరో నీళ్ళడుగుతున్నారు, ఎవరైనా లేచి చూడండి. నా పేరడిగితే గుమ్మడికాయనండి.