కిందోళ్లకు వంద, పైనోళ్లకు మూడొందలు

"అవ్వా, మన బ్లాకుల నెలకు ఇంటికి రెండొందలని ఎవలు పెట్టిన్రు? మా మామను అడిగితే నవ్వుకుంట, పోయి మల్లవ్వను అడుగుపో అంటుండు."

అట్లన్నడా అయిలయ్య! ఆయన చెప్పడు బిడ్డా, ఆయనకు సిగ్గు. రా, గీడ కూసో, గీ పీట మీద. కొత్త కోడలువు, వచ్చి నెల గూడ కాలే, మీ మామ సంగతి నేను చెప్తే ఏమనుకుంటవో ఏమో. అనుకుంటే అనుకో, చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

గీ డబుల్ బెడ్రూం ఇండ్లు మనకు సర్కారు ఇచ్చింది గద. అంతకుముందు నేను సిద్దిపేటలనే ఒక పాత గల్లీల కిరాయికుండేదాన్ని. మొదట్ల కిరాయి ముప్పై రూపాయలు. నవ్వకు, గప్పుడు ముప్పై అంటే మాటలా? పోను పోను రెండువేలైంది. ఆ ఇంటామె నీళ్ల బిందెలు లెక్కపెట్టేది బిడ్డా! రోజుకు నాలుగే. మా అల్లుడొచ్చిండనుకో, ఐదో బిందె ముంచితే నెలాఖరుకు పది రూపాయలు ఎక్కువ. అల్లుడొచ్చిండని సంబురపడాల్నా, బిందెకు భయపడాల్నా? ఆఁ... ఏం చెప్తున్న? ఇండ్లు గద.

ఆ గల్లీల నా పక్క అర్ర సత్తవ్వది. అదే, మన బ్లాకుల పైన మూలకున్నది సూడు, బీడీలు చేస్తది, ఆమెనే. మొగడు లేడు పాపం, ఒక్కతే బిడ్డ. మా ఇద్దరికి పదిహేనేండ్లు నడుమ ఒక్కటే గోడ. ఆమె దగ్గితే నాకు వినవడేది. ఇండ్లకు డబ్బల చీట్లేసి డ్రా తీసిన్రు. నాకు కింద వచ్చింది, సత్తవ్వకు పైన వచ్చింది. ఆ దినం ఇద్దరం కాయితాలు పట్టుకొని ఎగిరినమంటే ఎగిరినం! నా మోకాళ్ల నొప్పులు నాకే యాదికి లేవు.

మొదటి నెల మంచిగనే గడిచింది. రెండో నెల, కాదు కాదు, మూడో నెల... దసరా అయినంకనే గద, మూడో నెలనే, మోటరు బంద్. ఏందంటే కరెంటు బిల్లు ఎవలు కట్టలే. ఆఫీసు సార్లను అడిగితే, ఇండ్లు ఇచ్చినం, మోటరు, మెట్ల లైట్లు, ఊడ్సుడు, ట్యాంకు కడుగుడు మీరే సూసుకోవాలె అన్నరు. ఇగ పన్నెండిండ్లోళ్లం మెట్లకాడ కూసున్నం. మీ మామ నోటుబుక్కు తెచ్చిండు. బస్టాండుకాడ మిర్చి బండి నడిపిన మనిషి, లెక్కల మస్తు హుషారు. అన్ని కలిపి నెలకు రెండువేల నాలుగొందలు అన్నడు. గంతవరకు మంచిగనే ఉన్నది.

గప్పుడన్నడు సూడు. "కిందోళ్లం మెట్లెక్కం. మా నీళ్లు పైకెక్కేదుండదు. గందుకే కిందోళ్లకు వంద, మధ్యోళ్లకు రెండొందలు, పైనోళ్లకు మూడొందలు" అన్నడు.

అబద్ధం ఎందుకాడాలె, నాకు పానం సల్లగైంది. నేను కిందనే గద! పింఛిని మీద బతికేదాన్ని, వందంటే నాకు చేదా? నోరు మూసుకొని కూసున్న. పైనోళ్లు లొల్లి పెట్టిన్రు గని, సత్తవ్వ ఒక్క మాట అనలే.

తెల్లారి పొద్దుగాల నా దగ్గరికొచ్చింది. "అక్కా, నీకాడ తాడున్నదా?" అన్నది. ఎందుకే అంటే, "మూటలు కట్టాలె. నెలనెలా మూడొందలు నాతోని గాదు. ఇయ్యకపోతే పదిమందిల అడుగుతరు, నల్ల బంద్ చేస్తరు. తాళమేసి చిన్నకోడూరుల మా తమ్ముని కాడికి పోత" అన్నది.

సొంత ఇల్లొచ్చినంక పోతదట! తాడున్నది బిడ్డా, లేదన్న. ఐతారం దాక ఆగుమని బతిలాడిన. ఆమె పోయినంక నా మొకం నాకే మంచిగనిపియ్యలే. అన్నేండ్లు ఒక్క గోడకు బతికి, నాకు వంద మిగులుతదని సప్పుడు జేయక కూసున్న సూడు!

ఐతారం మల్ల అందరు కూడిన్రు. నేను లేసిన. "అయిలయ్యా, దసరాకు యాట పోగులు ఎవలేసిన్రు?" అన్న.

పోగులు తెల్సు గద నీకు? మీది మద్దూరు దిక్కే గద, మీ ఊర్ల గూడ ఏస్తనే ఉంటరు. అందరు కలిసి యాటను కోసి, ఎన్ని ఇండ్లో అన్ని మాంసం కుప్పలు, గవే పోగులు. ఒకలు అటు తిరిగి నిలవడుతరు. ఇంకొకలు పోగు మీద వేలు పెట్టి ఇది ఎవలది అంటే, అటు తిరిగినోళ్లు ఒక పేరు చెప్తరు. ఎవలకు ఏదొస్తే అదే. మీ మామ తరాజు లేకుండ పన్నెండు పోగులేసిండు, ఒక్క బొక్క ఎక్కువ తక్కువ లేదు!

"నేనే ఏసిన" అన్నడు, ఛాతి ఇంత చేసి. "మరి గీ పైసలు గూడ పోగులెయ్యి, నీ అంత సక్కగ ఎవలేస్తరు" అన్న. ఉబ్బిపోయిండు. మూడు కాయితపు ముక్కల మీద వంద, రెండొందలు, మూడొందలు రాసి వరుసగ పెట్టిండు. నేను సత్తవ్వను పిలిచి అటు తిరిగి నిలవడుమన్న. మూడొందల ముక్క మీద వేలు పెట్టి, "ఇది ఎవలది?" అన్న.

"కిందోళ్లది" అన్నది సత్తవ్వ.

ఇగ సూడు నవ్వులు! పైనోళ్లు చప్పట్లు. నేను గూడ నవ్విన గని, నాక్కూడ మూడొందలే పడ్డది గద, లోపట కలుక్కుమన్నది. మీ మామ ఎగిరి లేసిండు. "గిదేం ఇచ్చంత్రం అక్కా? కిందోళ్లకు మూడొందలేంది?" అన్నడు.

"ఇండ్లెట్లొచ్చినయి తమ్మీ మనకు? డబ్బల చెయ్యి పెడితే వచ్చినయి. నువ్వు చెమటోడ్చి కింద కట్టుకున్నవా? గామె కోరి పైకి పోయిందా? దసరాకు పోగులు అంత సక్కగ ఎందుకేసినవు? ఏది నీకొస్తదో నీకు తెల్వదు గనక" అన్న.

మీ మామ తల గోక్కున్నడు, ఆ మూడు ముక్కలను సూసిండు. కూసున్నడు. జేబుల పెన్ను తీసి, వంద కొట్టేసిండు, మూడొందలు కొట్టేసిండు. రెండిటి మీద రెండొందలు రాసిండు. "ఇగ అడుగు అక్కా. ఏది ఎవలకొచ్చినా నాకు ఫికరు లేదు" అన్నడు. ఆయనే ముందు నవ్విండు బిడ్డా, అబద్ధం చెప్ప.

సత్తవ్వ మాత్రం ఇంక గోడ దిక్కే ఉన్నది. "ఇంకేమన్న చెప్పాల్నా, తిరగాల్నా?" అన్నది. మల్ల నవ్వులు. తిరిగి సూసింది. ముందు ఒక ముక్క, తర్వాత ఇంకోటి, ఆఖరుకు మూడోది. మూడు ఒక్కతీరు. కొంగుతోని మొకం తుడుసుకొని, "పోత అక్కా, అన్నం పొయ్యి మీదెయ్యాలె" అని మెట్లెక్కి పైకి పోయింది. ఆ పోవుడు సూస్తుంటే నా కడుపు నిండింది.

మీ మామను తక్కువ సూడకు బిడ్డా. అడిగింది నేనే గని, కొట్టేసిన చెయ్యి ఆయనది. అది అందరికి రాదు. పో, పొద్దువోయింది, నీ కోసం సూస్తుంటరు. పిల్లాపాపలతోని సల్లగుండు. రేపు దేవుడు నిన్ను ఎంత మంచి కాడ కూసోవెట్టినా, పై మెట్టు మీదున్నోళ్లకు నీళ్లెక్కినయా లేవా అని ఒక్కసారి అడుగు, గంతే...