నిమ్మకాయలతో స్వరాలు నేర్పిన మెలెనైటే గారు

ఒక్క క్షణం ఆగండి! కాల్చిన పంది వాసన అందరి ముక్కులకూ తగిలిందని తెలుసు. అయినా ఈ సన్మాన సభలో నాలుగు మాటలు విని, అప్పుడు విందు చాపల మీదికి వెళ్లండి.

1989 ఫిబ్రవరి 5, ఆదివారం నాడు శ్రీమతి మెలెనైటే గారు మన టోంగా దేశపు వవావు దీవిలోని చర్చి సండే స్కూల్లో పాటల ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటిదాకా పిల్లల చేత పాట సాధన చేయించడమంటే బెత్తం పట్టుకుని ఎదురుగా నిలబడడమే. ఆవిడ వచ్చిన వారమే ఆ బెత్తాన్ని టమాటా మొక్కకు ఊతంగా పాతేసి, గంపెడు నిమ్మకాయలతో తరగతిలో అడుగుపెట్టారు.

మన దీవుల్లో పాట స్వరాలు రాసేది మూడు నుంచి తొమ్మిది దాకా అంకెలతోనే కదా! పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో అంకె ఇచ్చారు. నిమ్మకాయ చేతిలో పడగానే తన స్వరం పలకాలి, పాటలో తర్వాతి అంకె ఎవరిదో చూసి వాళ్లకు విసరాలి. కాయ జారిందా, పాట మళ్లీ మొదటికి! తుఫాను పైకప్పు ఎగరగొట్టిన ఏడాది కూడా సీమపనస చెట్ల మధ్య ఈ తరగతి ఆగలేదు. సాధన అంటే పారిపోయే పిల్లలు సాధన అయిపోయిందంటే ఏడ్చే స్థితికి వచ్చారంటే, అది మెలెనైటే గారి అకుంఠిత దీక్షకూ, అంతులేని వాత్సల్యానికీ నిదర్శనం.

అయితే ఇదంతా కిటికీ పక్కన నిలబడి చూసి చూసి కడుపు మండిన మనిషి ఒకరున్నారు. ఆవిడే సహోపాధ్యాయిని లవీనియా, మెలెనైటే గారి సొంత తమ్ముడి కూతురు. ఆ కుళ్లు సంగతి ఊరందరికీ తెలుసు, అడిగితే తనే ఒప్పుకుంటుంది. మేనత్త మాటకు ఎదురుచెప్పడం మన దీవుల్లో లేదు. లవీనియా పెళ్లి కానుకల్లో మేలైన చాప మేనత్తకే వెళ్లింది, కేకు పై అంతస్తూ మేనత్తకే వెళ్లింది. ఆచారం కాబట్టి సరే అనుకుంది. మరి పిల్లలు కూడా ఆవిడకేనా?

ఒకసారి మెలెనైటే గారు జ్వరంతో రాలేదు. లవీనియా సంబరంగా పీతల ఆట కనిపెట్టింది. స్వరం పైకి పోతే కుడికి, కిందికి దిగితే ఎడమకి, పీతల్లా పక్కకి నడుస్తూ పాడాలి. పిల్లలు పడీ పడీ నవ్వారు. గెలిచాననుకుంది. అప్పుడు చిన్న హేయిలాలా చెయ్యెత్తింది.

"చాలా బాగుంది టీచర్! మరి అసలు ఆట ఎప్పుడు?"

లవీనియా ఇంటికెళ్లి భర్త దగ్గర ఒకటే గొణుగుడు. "ఆ జ్వరమేదో నాకొచ్చినా బాగుండేది."

"ఎందుకే అంత కుళ్లు? మీ అత్తే కదా!"

"అందుకే కుళ్లు. పరాయిదైతే తిట్టి ఊరుకునేదాన్ని."

ఇక మొన్నటి ఫాకామే, పిల్లల ఆదివారం సంగతి. కొత్త గౌను వేసుకున్న హేయిలాలా నిండు సభ ముందు పాట మధ్యలో బిక్కచచ్చిపోయింది. వెనక బల్లలోంచి మెలెనైటే గారు నిమ్మకాయ విసిరారు. పాప పట్టలేదు. కాయ దొర్లి దొర్లి పాస్టరు గారి బూటు దగ్గర ఆగింది.

"మెలెనైటే గారూ, ఇది కానుకా, కూరలోకా?"

"స్వరం అండీ. అమ్మాయి పారేసుకుంది."

చర్చి అంతా గొల్లుమంది. పాపా నవ్వింది, పాటా వచ్చేసింది. లవీనియా కూడా కన్నీళ్లొచ్చేలా నవ్వి, వెంటనే పళ్లు కొరికింది. "కాయ కింద పడినా చప్పట్లు ఆవిడకే!"

గత నెలాఖరున మెలెనైటే గారు పదవీ విరమణ చేశారు, తరగతి లవీనియాకు దక్కింది. పోయిన శుక్రవారమే తన తొలి సాధన. పిల్లలు పక్కకి నడుస్తూ హాయిగా పాడుతున్నారు, ఎవరూ ఇంకో ఆట అడగలేదు. ఇన్నేళ్లకు ఈ గది తనదైంది. సరిగ్గా అప్పుడే మెలెనైటే గారు వచ్చి గుమ్మం బయట ఆగారు. మేనత్త గుమ్మం బయట ఆగడం మీరెక్కడైనా చూశారా?

"సాధన రోజు ఇంట్లో తోచట్లేదే. ఓ మూల కూర్చుంటాను, నోరెత్తను. రానా?"

లవీనియా ఓసారి పిల్లల వైపు చూసింది. రమ్మంటే పిల్లల కళ్లన్నీ ఆ మూలకే పోతాయి.

"అత్తా, నువ్వు నన్ను అడగడమేంటి? నీ ఇష్టం కదా!"

"నా ఇష్టమైతే లోపలికే వచ్చేదాన్ని. గది నీది కాబట్టి అడుగుతున్నా. కాదన్నా ఏమనుకోను."

"సన్మానం రోజు చెబుతానత్తా," అంది లవీనియా.

ఆ రోజు ఇదే. ఇద్దరూ పూలదండలతో పక్కపక్కనే కూర్చున్నారు. మెలెనైటే గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని మనసుతో, మునిమనవల పెళ్లిళ్లలో కూడా మేలైన చాప అందుకుంటూ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనమందరం మనసారా కోరుకుంటున్నాం. కానీ శుక్రవారం సాయంత్రాలు ఆవిడ ఎక్కడ కూర్చోవాలో చెప్పాల్సింది లవీనియా ఒక్కతే. లవీనియా స్థానంలో మీరుంటే, ఏం చెబుతారు?