కిందిమడి లచ్చమ్మ చేతిల గిన్నె

"అవ్వా, ఈ ఇత్తడి గిన్నెకు చిల్లుంది గదా. పారెయ్యకుంట ఎందుకు దాచినవ్?"

పారేసుడా! జర మెల్లగ పట్టు బిడ్డా, లచ్చమ్మత్త నాకిచ్చి పోయిన గిన్నె అది. చిల్లు గాదది, కావాల్నని పెట్టిన బెజ్జం. కంసలాయన బేడ అడిగిండు... కాదు కాదు, సోలెడు జొన్నలు వెట్టినం.

మాది నెల్లికుదురు దిక్కు చిన్న ఊరు. చెరువు నీళ్లు ముందుగాల దొర పొలానికే. మిగిలితే మాకు. దొరల మీద సంగం లేచినంక మా దొర పట్నం ఉరికిండు, తూము మా చేతికచ్చింది. ఇగ చూడు, నలబై ఇండ్లోళ్లు నాకంటె నాకని కొట్లాట! నాకప్పుడు పదిహేడేండ్లు. లెక్కలంటే పానం. లేచి జెప్పిన: నీళ్ల గోలెంల ఈ గిన్నె ఇడుద్దాం, బెజ్జంల నీళ్లెక్కి మునిగేదాంక తూము నీళ్లు ఒక్కలకే, అది ఒక మునక. ఎకరానికి మూడు మునకలు. సంగపోళ్లు గిన్నె నా చేతిలనే వెట్టిన్రు.

మా బాపు వంతు అయిపోయిన నాడు లచ్చమ్మత్త కొడవలి వట్టుకొని ఉరికొచ్చింది. ఆమెది అందరికంటె కిందిమడి, నీళ్లు ఆఖరుకు అందేది. "లెక్కలు నీయి, నీళ్లు మీ బాపుయా? నా మడి నెర్రెలిచ్చిందే!" అన్నది. దొర గుమాస్త పక్కనే నిలవడి నవ్విండు: "దొర పోయిండు, పిల్ల దొరసాని వచ్చింది."

గిన్నె తిప్పి చూస్తే ఏమున్నది, బెజ్జంల పాకురు! మూడు వందలు లెక్కవెట్టేసరికి మునిగే గిన్నె నాలుగు వందలకు మునిగింది. అంటే మా బాపు ఆరు మునకలకు ఎనిమిదంత నీళ్లు పారినయి. చెయ్యాల్నని చెయ్యలే గానీ, తప్పు తప్పే గదా?

బాపు "తెల్వక అయింది, ఊకో" అన్నడు. నేను ఊకోలే. వచ్చే వంతుల మావి రెండు మునకలు కోసి లచ్చమ్మత్తకిచ్చిన. నీళ్లు సాలక మా వరి అంచు పండువారింది. బాపు నెల రోజులు నా చేతి బువ్వ ముట్టలే, ఏందనుకున్నవ్? ఇంకో కట్టువాటు గూడ జేసినం: మడి ఎవలిదైనా గిన్నె కిందిమడోళ్ల చేతిల ఉండాలె. ముంచే ముందు అందరి ముంగట చీపురు పుల్లతోని బెజ్జంల పాకురు తీయాలె.

తర్వాత పోలీసులొచ్చిన్రు. సంగం మొగోళ్లు అడివి వట్టిన్రు, మా అన్న గూడ... సరే, గది ఇంకో ముచ్చట. దొర మల్లొచ్చిండు. తూము కాడ నిలవడి, లచ్చమ్మత్త దిక్కు చూసుకుంట, "నా దిక్కు వచ్చినోళ్లకే ముందు నీళ్లు" అన్నడు. ఒక్కరు ఆయన దిక్కు పోతే చాలు, మా కట్టువాటంత చెదిరిపోతది.

లచ్చమ్మత్త కొంగుల నుంచి గిన్నె తీసి చూపిచ్చింది. "నా వంతు ఆఖరిదే దొరా. గిన్నె మాత్రం నా చేతిలున్నది."

ఒక్క ఇల్లు గూడ కదలలే.

నువ్వు ఆడోళ్లనందర్ని జమ జేసి సంగం వెడుతున్నవట గదా? వెట్టు. లెక్క నువ్వే రాయి, గానీ నీ వంతు నాడు గిన్నె వేరేటోళ్లకియ్యి. సల్లగుండు నా తల్లి... ఏదీ, ఆ చీపురు పుల్ల గిట్ల తే, బెజ్జం మల్ల పూడినట్టున్నది.